చనిపోయిన కూలివాని కుటుంబమునకు పరిహారము: ఒక్కమారుగానా? నెలనెలానా?

మా పని పైరులనుగూర్చియు, ఎరువులనుగూర్చియు, తెగుళ్లనుగూర్చియు రైతులకు చెప్పుట. చట్టములనుగూర్చి వ్రాయుట మా పని కాదు. అయినను ఈ నెల ఆ పనికి పూనుకొనుటకు కారణమొకటి కలదు. అందులో మా తప్పును ఉన్నది గనుక ముందుగా దానినే చెప్పెదము.

2021వ సంవత్సరమున రాజోలు ప్రాంతమునందలి యొక గ్రామములో, కాపు తగ్గిన ముసలి కొబ్బరిచెట్లను నరికించుచుండగా ఒక కూలివాడు చెట్టు మీదపడి చనిపోయెను. వయస్సు 35. రోజుకూలి 700 రూపాయలు. నెలకు ఇరువది దినములు పని దొరకుచుండెను. భార్య, ఇద్దరు పిల్లలు, విధవరాలైన తల్లి కలరు. తోట యజమాని చెడ్డవాడు కాడు. దినకర్మ కాకముందే తానుగా వచ్చి, "నా బొందిలో ప్రాణమున్నంతకాలం నెలకు అయిదువేలు ఇచ్చుకుంటానండీ" అనెను. మృతుని భార్యకు అన్నగారొకడు ఉండెను. ఆయన "నెలనెలా మీ అరుగుమీద పడిగాపులు పడడం మా వల్ల కాదండి, ఆరులక్షలు ఒక్కసారే పారేయండి" అని పట్టుపట్టెను. పెద్దమనుష్యులు కూర్చుండిరి. మేమును ఆ దినమున పురుగుమందుల విషయమై ఆ గ్రామమునకు పోయియుండుటచే మమ్ములనుగూడ కూర్చుండబెట్టిరి. మా అభిప్రాయ మడుగగా, "ఒక్కమారుగా ఇచ్చివేయుటయే మేలు, ఇరుపక్షములకును తగవు తెగిపోవును" అని చెప్పితిమి. స్టాంపు కాగితము వ్రాసికొనిరి. ఆరులక్షలును ఆమె చేతిలో పెట్టిరి.

ఆ ఆరులక్షలు ఏమయినవో చెప్పెదము. లక్షా పదివేలు పాత అప్పులకు పోయినవి, అది మంచిదే. తొంబదివేలు కర్మకాండకును, ఇంటి పైకప్పునకును అయినవి. రెండున్నర లక్షలు అన్నగారు తన రొయ్యల చెరువునకై నూటికి రెండు రూపాయల వడ్డీకి తీసికొనెను. అయిదునెలలు వడ్డీ సక్రమముగా ఇచ్చెను. ఆరవనెల చెరువునకు తెల్లమచ్చ తెగులు వచ్చినది. అసలును లేదు, వడ్డీయును లేదు. లక్షరూపాయలు మరిది ఆటో కొనుటకు తీసికొనెను. మిగిలిన యేబదివేలును తిండికి సరిపోయినవి. ఏడాదిన్నర తిరుగకముందే ఆమె నాట్లకు పోవుట మొదలుపెట్టెను.

గడచిన సార్వాలో ఆమె మాకు గట్టుమీద ఎదురయ్యెను. మేమేదో ఓదార్పుమాట చెప్పబోయితిమి. ఆమె అన్నమాట యిది: "ఆ రోజున ఒక్కసారే ఇప్పించేశారు బాబుగారూ. డబ్బుందని ఊరందరికీ తెలిసిపోయింది. అన్నయ్యొచ్చి అడిగితే లేదని ఎలా అంటానండీ? నెలకింతని వచ్చేదైతే, ఈ నెల తిండికే చాలలేదన్నయ్యా అని చెప్పుకునేదాన్ని."

ఇరువది సంవత్సరములుగా పైరుల లెక్కలు వేయుచున్న మాకు ఈ లెక్క తట్టలేదు. పిమ్మట చట్టము చదివితిమి; తెలిసినవారి నడిగితిమి. తెలిసికొన్నది చదువరుల ముందుంచుచున్నాము. మన సంఘ సభ్యులలో కూలి ఇచ్చువారును కలరు, కూలికి పోవువారును కలరు. ఇది ఇరువురకును కావలసిన పాఠము.

మొదట చట్టము మాట. పనిలో నుండగా పనివలన కలిగిన ప్రమాదమున కార్మికుడు మరణించినచో యజమాని పరిహార మీయవలెనను చట్టము మన దేశమున 1923లో పుట్టి, 1924 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. 2025 నవంబరు 21వ తేదీనుండి దానిని సామాజిక భద్రతా స్మృతిలో చేర్చివేసిరి. మూలసూత్రములు మాత్రము నిలిచియున్నవి. ఇది మిల్లులకును ఫ్యాక్టరీలకును సంబంధించినదని మనలో పలువురు అనుకొందురు. మేమును అట్లే అనుకొంటిమి. అట్లు కాదు. ట్రాక్టరుతోగాని, ఇతర యంత్రముతోగాని, విద్యుచ్ఛక్తితోగాని చేయు సేద్యములో పని చేయువాడు, తాటిచెట్లు గీయువాడు, చెట్లు నరుకువాడు చట్టముయొక్క జాబితాలో ఉన్నారు. రోజుకూలి గదా, నాలుగుదినముల పని గదా అని తప్పించుకొనుటకును వీలులేదు. ఆ మినహాయింపును 2000 సంవత్సరపు సవరణలో తొలగించిరి.

ఇక పరిహారపు లెక్క. మృతుని నెలజీతములో సగము తీసికొని, వయస్సునుబట్టి చట్టములో ఇచ్చిన అంకెతో హెచ్చవేయవలెను. వయస్సు 30 అయినచో ఆ అంకె 207.98; 35కు 197.06, 40కి 184.17, 50కి 153.09. లెక్కకు తీసికొను నెలజీతమునకు గరిష్ఠపరిమితి 2010నుండి 8,000 రూపాయలుగా ఉండి, 2020 జనవరిలో 15,000 అయినది. పైన చెప్పిన కూలివాని సంగతి చూడుడు. రోజుకు 700 వంతున ఇరువది దినములకు 14,000, అందులో సగము 7,000, దానిని 197.06తో హెచ్చింపగా 13,79,420 రూపాయలు. పెద్దమనుష్యులమైన మేము ఇప్పించినది ఆరులక్షలు. సగముకూడ కాలేదు. మృతుని భార్య గాని, అన్నగారు గాని, యజమాని గాని, మేము గాని ఈ లెక్క ఎరుగము. ఎరుగకయే తగవు తీర్చితిమి.

ఈ 197.06 అను అంకె ఎక్కడనుండి వచ్చినదని మాకు సందేహము కలిగెను. చిన్నప్పుడు మిషను బడిలో వడ్డీలెక్కలు తప్పు చేసినచో బెంచీ యెక్కించెడివారు; ఆ భయమింకను పోలేదు గాబోలు, కాగితము కలము తీసికొని కూర్చుంటిమి. 197 నెలలనగా పదునారు సంవత్సరముల అయిదు నెలలు. ముప్పదియైదేండ్లవాడు అరువది యేండ్లవరకు పని చేయునన్నచో ఇరువదియైదు సంవత్సరములు, అనగా 300 నెలలు. మరి 300 నెలలకు 197 మాత్రమే ఏల? ఇరువదియైదేండ్లలో రావలసినది ముందే చేతికి వచ్చుచున్నది గనుక, దానిపై వడ్డీ వచ్చునని తలచి తగ్గించిరన్నమాట. ఆ పట్టికకు చట్టములో పెట్టిన పేరే ఒక్కమొత్తముగా లెక్కకట్టు అంకెలని. కాబట్టి నెలవారీ పరిహారమునే మూటగట్టి ఇచ్చుచున్నారు. అది వేరు, ఇది వేరు కాదు.

ఈ సంగతి గ్రహించినచో తక్కినది సులభము. 13,79,420 రూపాయలను నూటికి నెలకు అర్ధరూపాయి వడ్డీకి వేసినచో నెలకు 6,897 రూపాయలు వచ్చును. మృతుని జీతములో సగము 7,000. దాదాపు సమానము! పైగా అసలు చెక్కుచెదరదు. కాని ఈ లెక్క డబ్బు కదలకుండ ఉన్నప్పుడే నిలుచును. మూట విప్పి పంచిపెట్టిన మరుక్షణమున పదునారేండ్ల తిండి పోయినట్లే. నూటికి రెండు రూపాయలిత్తునని ఎవడైన వచ్చినచో, అర్ధరూపాయికంటె నాలుగురెట్లు లాభమని సంతోషింపరాదు. బ్యాంకు తనకు అప్పీయనందువల్లనే ఆ మనుష్యుడు విధవరాలి గుమ్మము ఎక్కినాడని తెలిసికొనవలెను. రొయ్యల చెరువులను మేము నిందించుటలేదు. వానిపై బాగుపడినవారును మనలో కలరు. పదునారేండ్ల తిండిగింజలు అందులో చల్లరాదనుటయే మా మాట.

అటులైన తోట యజమాని చెప్పినట్లు నెలకు అయిదువేలు పుచ్చుకొన్నచో బాగుండెడిదా? తొందరపడి ఔననవద్దు. ఆ మాటలో దోషములు చాల కలవు. అయిదువేలు ఏడువేలకంటె తక్కువయని మొదటనే కనబడుచున్నది. అంతకంటె ముఖ్యమైనది, ఇచ్చువాడు మనుష్యుడు. వానికి అరువది యేండ్లు దాటినవి. "నా బొందిలో ప్రాణమున్నంతకాలం" అనెనే కాని, ఆమె బొందిలో ప్రాణమున్నంతకాలమనలేదు. కుమారులు భూమి పంచుకొనిన తరువాత తండ్రిమాట ఎవరి వాటాకు వచ్చును?

పోనీ, యజమాని నూరేండ్లు బ్రతికినాడనుకొందము. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను మన సీమపై ఎట్లు విరుచుకుపడినదో నలుబది దాటిన వారెవ్వరును మరువలేదు. ప్రొద్దుటికి తోటలు తోటలే నేలకొరిగియున్నవి. కొబ్బరిమొక్క నాటినచో కాపునకు వచ్చుటకు అయిదారేండ్లు పట్టును. అట్టి సమయమున ఆ తోటపై బ్రతుకు రైతు తన యింటికే అప్పు చేసికొనవలసియుండగా, చనిపోయిన కూలివాని ఇంటికి నెలనెలా పంపగలడా? పంపలేడు. పంపకపోయినచో ఆమె యేమి చేయగలదు? అరుగుమీద కూర్చుండవలెను. అన్నగారు తన స్వలాభము చూచికొన్నను, పడిగాపులనుగూర్చి ఆయన చెప్పిన మాట అబద్ధము కాదు.

మరియొక దోషము ధరలు. స్థిరమైన అయిదువేలు ఈనాటి అయిదువేలుగానే పదియేండ్లకును ఉండును. బియ్యము మాత్రము ఉండదు.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. ఇంగ్లండులో 1897లో చేసిన చట్టము దెబ్బతిన్న కార్మికునకు వారమువారమును ఇమ్మనెను. చనిపోయినవాని కుటుంబమునకు మాత్రము మూడేండ్ల జీతము ఒక్కమారుగా ఇమ్మనెను, అది 150 పౌనులకు తగ్గక, 300 పౌనులకు మించకుండ. ఆ డబ్బు విధవరాండ్ర చేతిలో నిలువకుండుట చూచి, 1906 చట్టములో మొత్తమును కోర్టులో జమచేయించి, వారి మేలునకు తగినట్లు కోర్టే వినియోగించునట్లు ఏర్పాటు చేసిరి. తుదకు 1948 జూలైలో యజమానులను ప్రక్కకు పెట్టి, ప్రభుత్వ భీమానిధినుండి విధవరాలికి వారమువారమును పింఛను ఇచ్చు పద్ధతికి వచ్చిరి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1925లో చేసిన ఒడంబడికయు ఇట్లే చెప్పుచున్నది: కుటుంబమునకు వాయిదాలుగానే ఈయవలెను, డబ్బు సద్వినియోగమగునని అధికారికి తృప్తి కలిగినప్పుడు మాత్రమే ఒక్కమొత్తముగా ఈయవచ్చును.

మన దేశములోను ఈ రెండవ పద్ధతి లేకపోలేదు. 1948లో చేసిన ఉద్యోగుల రాజ్యభీమా చట్టము క్రిందికి వచ్చు ఫ్యాక్టరీ కార్మికుడు పనిలో మరణించినచో, వాని కుటుంబమునకు మొత్తము రాదు. జీతములో నూటికి 90 వంతులు నెలనెలా వచ్చును. భార్యకు అయిదింట మూడు, ఒక్కొక్క బిడ్డకు అయిదింట రెండు; అన్నియు కలిపి 90 వంతులు మించినచో ఆ నిష్పత్తినే తగ్గింతురు. మన కూలివాని 14,000 జీతమే అక్కడ ఉన్నదనుకొనుడు. మొత్తము 12,600. భార్యకు 5,400, బిడ్డలకు 3,600 వంతున. కుమారునకు ఇరువదియైదేండ్లు వచ్చువరకును, కుమార్తెకు పెండ్లియగువరకును, భార్యకు బ్రతికినంతకాలమును వచ్చును. ధరలనుబట్టి అప్పుడప్పుడు పెంచుటయు కలదు. ఇచ్చునది మనుష్యుడు కాదు, నిధి. నిధికి తుపాను లేదు, కొడుకుల పంపకము లేదు. ఒక్క లోపము మాత్రము మాకు నచ్చలేదు: భార్య మారుమనువు చేసికొన్నచో ఆమె వాటా ఆగిపోవును. ఒక్కమొత్తముగా వచ్చిన పరిహారమునకు అట్టి షరతు లేదు. చిన్నవయస్సులో భర్తను పోగొట్టుకొన్న స్త్రీ విషయమున ఇది చిన్నమాట కాదు.

అయితే మన తోటలలో చెట్లు నరుకువానికి ఆ భీమా లేదు. వానికి దొరకునది యజమానినుండి ఒక్కమొత్తమే. కాబట్టి ఒక్కమొత్తమా, నెలవారీయా అను ప్రశ్నను మేము 2021లో తప్పుగా వేసికొంటిమి. యజమానినుండి పుచ్చుకొనుట ఒక్కమారుగానే మంచిది. కుటుంబమునకు చేరుట నెలనెలా మంచిది. నడుమ నిలిచి పట్టియుంచువాడొకడు కావలెను. గోదావరి అంతయు ఒక్కమారుగా పొలముమీదికి వచ్చినచో వరదయందుము. అదే నీరు ధవళేశ్వరమువద్ద నిలిచి, లాకులు దాటి, బోదెలలో వచ్చినచో సాగునీరందుము. నీటిలో భేదము లేదు.

ఆ లాకు చట్టములోనే ఉన్నది. మరణమునకు చెల్లింపవలసిన పరిహారమును యజమాని నేరుగా కుటుంబము చేతికి ఈయరాదు. కార్మికశాఖకు సంబంధించిన అధికారియొద్ద జమకట్టవలెను. చేతికిచ్చినది పరిహారము క్రింద చెల్లదు. మూడునెలల జీతమునకు మించకుండ బయానాగా ఇచ్చినది మాత్రమే లెక్కకు వచ్చును. రైతుసోదరులు ఈ వాక్యమును రెండుమార్లు చదువవలెను. మన తోట యజమాని ఇచ్చిన ఆరులక్షలలో చట్టము గుర్తించునది 42,000 రూపాయలు. హక్కు వదలుకొంటిమని వ్రాయించుకొన్న స్టాంపు కాగితమును చెల్లదు. పెద్దమనుష్యుల తీర్పుతో తగవు తెగిపోలేదు; ఆ మంచిమనుష్యుని మెడమీద కత్తివలె వ్రేలాడుచునే ఉన్నది. నెలలోపల చెల్లింపనిచో నూటికి 12 వంతున వడ్డీయు, తగిన కారణము లేనిచో సగమువరకు జరిమానాయు అదనము.

జమకట్టిన పిమ్మట అధికారి ఏమి చేయును? వాటాలు వేయును. భార్య, మైనరు కుమారుడు, పెండ్లికాని కుమార్తె, విధవరాలైన తల్లి ఆశ్రితులు. ఆ దినమున అందరికంటె బిగ్గరగా మాటలాడిన అన్నగారికి చట్టములో చోటే లేదు. ఒక మూల కూర్చుండి ఒక్కమాటయు మాటలాడని ముసలి తల్లికి ఉన్నది. ఆమెకు మేము దమ్మిడీ యిప్పింపలేదు. మైనరుల వాటాలను, స్త్రీల వాటాలను వారి మేలునకై పెట్టుబడి పెట్టి, దానినుండి వాయిదాలుగా ఇప్పించు అధికారము ఆయనకు కలదు. అడుగనిదే అన్ని వేళలను ఆ అధికారము వాడుదురని నమ్మరాదు. అర్జీలోనే వ్రాసి అడుగవలెను. మోటారు ప్రమాదములలో వచ్చు పరిహారముల విషయమున సుప్రీంకోర్టు 1993లో, కేరళ రోడ్డు రవాణా సంస్థ వ్యాజ్యెములో, ఇట్టి త్రోవనే చూపెను: మైనరుల డబ్బు ఈడు వచ్చువరకు డిపాజిటులో ఉండవలెను, చదువురానివారి డబ్బును అట్లే ఉంచి, జీవనోపాధికి ఏదైన కొనవలసినప్పుడు తగినంత తీయనీయవలెను, ఆ డిపాజిటుపై కోర్టు అనుమతి లేక అప్పు ఈయరాదు. ఈ చివరిమాట ఎంత అనుభవముమీద వ్రాసినదో చూడుడు. డబ్బు డిపాజిటులో ఉన్నను, దానిని తాకట్టు పెట్టించు బంధువులు పుట్టుకొని వత్తురు.

అంతయు కట్టివేయుమని మేము చెప్పుటలేదు. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ పెరుగుచున్న అప్పును నిలువయుంచి, అర్ధరూపాయి వడ్డీకి డబ్బు దాచుట తెలివితక్కువ. కారుచున్న కప్పు నేయవలెను. పాడిగేదెనో, కుట్టుమిషనో కొనుటయు తప్పు కాదు, ఆమెకు ఆ పని చేతనైనచో. మన కుటుంబము విషయమే చూతము. 13,79,420లో అప్పులకును కప్పునకును రెండులక్షలు పోగా 11,79,420 మిగులును. అందులో తొమ్మిది లక్షలు తపాలా కార్యాలయపు నెలసరి ఆదాయ పథకములో వేయవచ్చును. ఒక్కరి పేర అంతకుమించి పుచ్చుకొనరు. 2023 ఏప్రిలులో ఆ పథకమునకు నూటికి 7.4 వంతున వడ్డీ నిర్ణయించిరి. ఆ లెక్కన నెలకు 5,550 రూపాయలు. మిగిలిన 2,79,420 బిడ్డల పేర బ్యాంకులో ఉండును. రాష్ట్ర ప్రభుత్వమువారి వితంతు పింఛను 2024 జూలైనుండి 4,000 అయినది. రెండును కలిసి 9,550. పిల్లలు బడి మానకుండ ఈ డబ్బుతో ఇల్లు గడచెడిది.

ఇక్కడ మన సంఘము మాటకూడ నిజాయితీగా చెప్పవలెను. 2020 ఫిబ్రవరినుండి బ్యాంకు డిపాజిటులకు ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అయిదులక్షలవరకు భీమా కలదు. జిల్లా సహకార కేంద్రబ్యాంకులోని డిపాజిటునకును ఇది వర్తించును. గ్రామములలోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములలో వేసిన డిపాజిటునకు వర్తింపదు. మా సంఘములమీద మాకు అభిమానము తక్కువ కాదు. సభ్యుడు తన మిగులు డబ్బును సంఘములో వేసికొనవచ్చును. కాని విధవరాలి మొత్తమును భీమా ఉన్నచోటనే ఉంచుమని మేము చెప్పుదుము. కార్యదర్శులకు కోపము వచ్చినను సరే.

పెద్ద మొత్తములు వచ్చుట మన సీమకు తెలియనిది కాదు. 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున మామిడికుదురు మండలము నగరములో గెయిల్ వారి గ్యాసుగొట్టము ప్రేలినప్పుడు, మృతుల కుటుంబములకు ఆ సంస్థవారు 20 లక్షలు, రాష్ట్రప్రభుత్వము 3 లక్షలు, కేంద్రము 2 లక్షలు ప్రకటించిరి. ఎంత యిత్తురను మాటయే ఆ దినములలో అంగళ్లయొద్దను, బస్సులలోను విన్నాము. వచ్చిన డబ్బు ఎట్లు నిలువవలెనని మేమును అడుగలేదు. అది పరిహార చట్టము క్రింద వచ్చినది కాదు గనుక, పట్టియుంచు అధికారియు లేడు. అట్టి డబ్బు వచ్చిన యింట, కుటుంబమే తనకుతాను లాకు వేసికొనవలెను: మొదటి ఆరునెలలు ఎవరికిని ఒక్క రూపాయియు అప్పీయక, బ్యాంకులో వేసి, తెలిసినవారినొకరిని అడిగి, పిమ్మట కదల్చవలెను.

కూలి ఇచ్చు రైతునకొక మాట. పదమూడు లక్షలనగానే గుండె జారినవారుందురు. ఎకరము తోట గలవానికి అది ఆస్తియంతయు. కాబట్టి పని మొదలు పెట్టకముందే భీమా చూచుకొనవలెను. పనివారి పరిహారమునకై యజమాని తీసికొనదగిన పాలసీలను సాధారణ భీమా సంస్థలు ఇచ్చుచున్నవి. చెట్లు నరికించువారు, నూర్పిడి యంత్రములు త్రిప్పించువారు దీనిని విత్తనముల ఖర్చువలె ఖర్చులలోనే వ్రాసికొనవలెను. దింపు కార్మికులకు కొబ్బరి అభివృద్ధి మండలివారి కేర సురక్షా భీమా కలదు. సంవత్సరపు చందాలో ఎక్కువ భాగము మండలియే భరించును. బ్యాంకు ఖాతా ఉన్న కూలివానిచేత సంవత్సరమునకు 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా భీమా కట్టించినచో, ప్రమాదమరణమునకు రెండులక్షలు వచ్చును. ఇవి చట్టపు పరిహారమునకు బదులు కావు; అదనము.

ఆ కుటుంబము సంగతి ముగియలేదు. ప్రమాదము జరిగిన రెండేండ్లలోపల అర్జీ పెట్టవలెనని చట్టము. ఆ గడువు దాటినది. కాని ఆలస్యమునకు తగిన కారణము చూపినచో స్వీకరించు అధికారము అధికారికి కలదు. అర్జీ వ్రాయించుచున్నాము. పోలీసువారి మొదటి నివేదిక నకలు దొరకినది, శవపరీక్ష నివేదిక అమలాపురమునుండి తెప్పింపవలసియున్నది, వయస్సునకు ఆధారుకార్డున్నది. తోట యజమానికి మేమే వెళ్లి చెప్పితిమి. ఆయన చాలసేపు మాటలాడలేదు. తరువాత "మీరే కదండీ ఒక్కసారి ఇచ్చేయమన్నది" అనెను. దానికి మాయొద్ద జవాబు లేదు. నాటినుండి సంఘము కార్యాలయమునకు ఆయన వచ్చుట మానెను. ఇచ్చిన ఆరులక్షలను కొంతవరకైన లెక్కలోనికి తీసికొనునట్లు ఉభయులును కలిసి అధికారిని కోరుడని న్యాయవాది సలహా యిచ్చినాడు. దానికి ఆమె ఒప్పుకొన్నది. "ఈసారి వచ్చేది నా చేతికి వద్దండి, నెలకింతని రాయించండి" అని మాత్రము అడిగినది.

ఆ మనుష్యుడు ఆ తోటలో కూలికి పనిచేయుచునే మరణించెనని ఋజువు చేయుటకు మరియొక కాగితము వెదుకనక్కరలేదని న్యాయవాది చెప్పెను. నాడు పెద్దమనుష్యులు వ్రాయించిన స్టాంపు కాగితమే చాలునట. దానిమీద సాక్షుల వరుసలో మూడవ సంతకము మాది.